పాప ముక్కు మొదట్లో వాపు, ఏడిస్తే ఉబ్బుతోంది. సూదితో నీరు లాగేస్తామంటున్నారు, వెళ్లాలా?

పీలేరు నాన్న
మే 9, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మా పాపకు నాలుగో నెల. పుట్టినప్పుడే రెండు కనుబొమల మధ్య, ముక్కు మొదలయ్యే చోట పెసరగింజంత బుడిపె ఉండింది. కాన్పు చేసినవాళ్లు కొవ్వు గడ్డ అయ్యుంటుంది, అదే తగ్గిపోతుందిలే అన్నారు. ఇప్పుడది రేగ్గాయంత అయింది. ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది. నిద్రపోయేటప్పుడు కాస్త అణుగుతుంది. పాల కోసం గుక్కపట్టి ఏడ్చిందంటే చర్మం నిగనిగలాడేంత బిగుసుకుని ఉబ్బుతుంది. ఎవరి కళ్లూ పడకూడదని మా అమ్మ సరిగ్గా దాని మీదే దిష్టిచుక్క పెడుతోంది.

ఈరోజు మా దగ్గర ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే "లోపల నీరు చేరింది, సూదితో లాగేస్తే పోతుంది, సోమవారం రండి" అన్నారు. ఇంట్లోవాళ్లు గ్రహణం అంటున్నారు. 2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రగ్రహణం నాడు నా భార్య ఒకసారి పెరట్లోకి వెళ్లొచ్చింది. అప్పటికి ఐదో నెల నిండింది. ఈ మాట అనుకున్నప్పటినుంచి ఆమె సరిగా అన్నం తినడం లేదు. సోమవారం వెళ్లాలా వద్దా? ఇలాంటిది ఎవరైనా చూశారా?

తిరుపతి నర్సక్క
మే 9, రాత్రి 11:05

వెళ్లొద్దు తమ్ముడూ. సూది పెట్టనివ్వొద్దు. నేను డ్యూటీలో ఉన్నా, పొద్దున వివరంగా రాస్తాను. ఇది చూడగానే చూశానని ఒక మాట పెట్టు.

పీలేరు నాన్న
మే 9, రాత్రి 11:11

చూశానక్కా. వెళ్లను. భయంగా ఉంది.

తిరుపతి నర్సక్క
మే 10, ఉదయం 7:40

ఇప్పుడే డ్యూటీ దిగాను. పుట్టుకతో ముక్కు మొదట్లో వచ్చిన మెత్తని వాపు, ఏడిస్తే ఉబ్బేది, మామూలు గడ్డ కాకపోవచ్చు. అది తల లోపలి నుంచి వచ్చిన తిత్తి అయ్యుండొచ్చు. అందులో ఉండేది మెదడు చుట్టూ తిరిగే నీరు, ఒక్కోసారి మెదడులో ఒక ముక్క కూడా ఉంటుంది. సూది గుచ్చితే ఆ నీరు కారడం మొదలవుతుంది, ఆ రంధ్రంలోంచి క్రిములు నేరుగా మెదడు పొరల్లోకి పోతాయి. మెదడువాపు జ్వరం వచ్చిన పసిబిడ్డను పట్టుకుని నిలబడ్డదాన్ని కాబట్టి రాత్రి అంత గట్టిగా రాశాను. స్కానింగ్ కాకుండా సూది వద్దు, ముక్క తీసి పరీక్షకు పంపడమూ వద్దు.

ఇంకొకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. పాపకు లాల పోసేది ఎవరు? మన వైపు అవ్వలు కాళ్ల మీద బోర్లా, వెల్లకిలా వేసుకుని నూనె రాసి, ముక్కు కోటేరులా రావాలని బొటనవేలూ చూపుడువేలూ పెట్టి మొదట్నుంచి కొస దాకా నొక్కి లాగుతారు. మీ ఇంట్లో అది జరుగుతోందా?

పీలేరు నాన్న
మే 10, ఉదయం 8:15

రోజూ జరుగుతోందక్కా. మా అమ్మే పోస్తుంది. గడ్డ అణగాలని ఇంకాస్త గట్టిగా నొక్కేది. వాము మూట కట్టి కాపడం కూడా పెట్టింది. మీరు రాసింది చదివి వినిపిస్తే ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఇందాక చూస్తే దేవుడి గదిలో కూర్చుని ఏడుస్తోంది.

తిరుపతి నర్సక్క
మే 10, ఉదయం 8:22

అమ్మ తప్పేం లేదని చెప్పు. ఆమె నొక్కడం వల్ల వచ్చింది కాదు, పుట్టుకతోనే ఉంది. ఇకమీదట నొక్కకపోతే చాలు. ఒళ్లంతా నూనె రాయొచ్చు, నీళ్లు పోయొచ్చు, ఆ చోటు మాత్రం మెత్తని గుడ్డతో అద్ది వదిలేయాలి. కాపడాలు, పసర్లు, ఆయింట్‌మెంట్లు ఏమీ వద్దు. చర్మం పల్చబడినా, పుండులా అయినా, తడి కనిపించినా పొద్దున చూద్దాంలే అనుకోకుండా శుభ్రమైన గుడ్డ కప్పి అర్ధరాత్రయినా పెద్దాసుపత్రికి రావాలి.

టీకాలు ఆపకండి. పెంటావాలెంట్‌, న్యుమోకోకల్ టీకాలు మెదడు పొరలకు వచ్చే ఇన్‌ఫెక్షన్లలో కొన్నింటిని అడ్డుకుంటాయి. ఇలాంటి బిడ్డకు అవి మరీ ముఖ్యం.

కాళహస్తి పెద్దాయన
మే 10, ఉదయం 9:30

బాబూ, ఆసుపత్రికి తప్పకుండా తీసుకెళ్లు. దాంతోపాటు మా కాళహస్తికి వచ్చి రాహుకేతు పూజ కూడా చేయించు. మిగతా గుళ్లు గ్రహణానికి మూసినా మాది తెరిచే ఉంటుంది. మా తరంలో మొర్రి అయినా, ముఖాన ఇట్లాంటి గడ్డలైనా గ్రహణం పట్టిందనే అనేవాళ్లం. కడుపుతో ఉన్న ఆడపిల్లను ఆ రాత్రి పెరట్లోకి పోనివ్వకుండా ఉండాల్సింది.

పిల్లల వైద్యం పీజీ
మే 10, మధ్యాహ్నం 1:10

ఫోన్‌లో వర్ణన చదివి జబ్బు పేరు ఖాయం చేయకూడదు. అయినా పుట్టుకతో, ముక్కు మొదట్లో, ఏడిస్తే ఉబ్బే వాపు అంటే మేం మొదట అనుమానించేది ఎన్‌సెఫలోసీల్‌నే. కాదని స్కాన్‌లో తేలేదాకా అదే అనుకుని జాగ్రత్త పడాలి.

బిడ్డ కడుపులో పడ్డ మూడు, నాలుగు వారాల్లో ఒక పలక లాంటి పొర మడుచుకుని గొట్టంలా అవుతుంది. మెదడు, వెన్నుపాము తయారయ్యేది దాని నుంచే. 28వ రోజుకల్లా ఆ గొట్టం రెండు కొసలా మూసుకుంటుంది. ముందు కొస మూసుకున్న చోట పైచర్మమూ నరాల పొరా ఒకదాన్నొకటి వదిలేయాలి, వాటి మధ్యలోకి ఎముక రావాలి. అవి అతుక్కునే ఉండిపోతే ఎముక వచ్చే చోటు ఉండదు. ఆ సందులోంచి మెదడు పొరలు, నీరు దిగితే మెనింజోసీల్ అంటాం, మెదడు కూడా దిగితే ఎన్‌సెఫలోసీల్. ఏడ్చినా దగ్గినా తల లోపల ఒత్తిడి పెరుగుతుంది. దారి తెరిచే ఉంది కాబట్టి ఆ ఒత్తిడి తిత్తిలోకి వస్తుంది, అందుకే ఉబ్బడం.

యూరప్‌, అమెరికాల్లో తల వెనక వచ్చే రకం ఎక్కువ. ముఖం మీద వచ్చేది థాయ్‌లాండ్, కాంబోడియా, మయన్మార్ వైపు ఎక్కువ, అక్కడ సుమారు 5 వేల కాన్పులకు ఒకటి ఉంటుంది. మన దేశంలోనూ కనిపిస్తుంది. థాయ్‌లాండ్ న్యూరోసర్జన్ చరస్ సువన్‌వేలా బృందం 1972లో చేసిన విభజన ప్రకారం ఇది బయటికి వచ్చే దారులు మూడు. నుదుటి ఎముకకూ ముక్కు ఎముకకూ మధ్య నుంచి వస్తే కనుబొమల నడుమ ఉంటుంది. ముక్కు ఎముక కిందుగా దూరి వస్తే ముక్కు మీదో పక్కనో కనిపిస్తుంది. కంటి గూడు లోపలి గోడ నుంచి వస్తే కంటి మూలన తేలుతుంది.

ఇలాగే కనిపించేవి ఇంకా ఉన్నాయి. డెర్మాయిడ్ అనే పుట్టుకతో వచ్చే చర్మపు తిత్తి గట్టిగా ఉంటుంది, ఏడ్చినా మారదు, ముక్కు దూలం మీద సూదిమొనంత గుంట, అందులోంచి ఒక వెంట్రుక కనిపిస్తే అదేనని అనుమానిస్తాం. దానికీ లోపలికి దారి ఉండొచ్చు, కాబట్టి దానికీ స్కానే ముందు. నేసల్ గ్లయోమా అనే గట్టి బుడిపె ఉంది. పేరు చూసి క్యాన్సర్ అనుకోవద్దు, తల లోపలితో సంబంధం తెగిపోయిన మెదడు కణజాలం అది. రక్తనాళాల గడ్డ ఎర్రగా ఉంటుంది, ఏడిస్తే అదీ కాస్త ఉబ్బుతుంది. కన్నీటి సంచి వాపు కంటి లోపలి మూలకు కిందుగా, కొంచెం నీలంగా ఉంటుంది. ఎన్‌సెఫలోసీల్ సాధారణంగా ఆ మూలకు పైగా ఉంటుంది.

ఎమ్మారై, సీటీ రెండూ రాస్తారు. తిత్తిలో ఏముందో ఎమ్మారైలో తెలుస్తుంది, ఎముకలో సందు ఎంతో సీటీలో తెలుస్తుంది. నెలల బిడ్డలకు ఆ చోట ఎముక ఇంకా మృదులాస్థిగానే ఉంటుంది కాబట్టి ఒక్క సీటీ చూస్తే లేని సందు ఉన్నట్టు కనిపించొచ్చు. రెండూ ఎందుకని అడిగేవాళ్ల కోసం ఇది రాశాను.

పెద్దాయనకు నమస్కరించి ఒక్క మాట. పాప జనవరిలో పుట్టి ఉంటుంది. అంటే గొట్టం మూసుకోవాల్సిన రోజులు 2025 మే నెల మధ్యలో వచ్చాయి. సెప్టెంబరు గ్రహణం నాటికి ఆ పని అయిపోయి నాలుగు నెలలు.

కాళహస్తి పెద్దాయన
మే 10, సాయంత్రం 6:45

డాక్టరు బాబు రాసింది చదివాక విశ్వావసు పంచాంగం తీసి చూశాను. ఆ ఏప్రిల్ నెలాఖర్లో గానీ మే నెలలో గానీ గ్రహణమే లేదు. పొద్దున రాసిన ఆఖరి మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. పీలేరు బాబూ, మీ ఇంటావిడకు ఇది చూపించు. ఎనభై ఏళ్ల ముసలాయన పంచాంగం తిరగేసి చెప్పాడు, నీ వల్ల కాదమ్మా అని చెప్పు. అన్నం తినమను, పాలిచ్చే తల్లి.

పీలేరు నాన్న
మే 10, రాత్రి 9:20

పెద్దాయనా, మీ మాట ఆమే రెండుసార్లు చదువుకుంది. రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నది. మంగళవారం తిరుపతికి తీసుకొస్తున్నాం.

చంద్రగిరి అమ్మ
మే 11, ఉదయం 6:05

మా అబ్బాయికి ఇదే. ఇప్పుడు రెండో తరగతి. మీరు రాసిన "నిగనిగలాడేంత" అన్న మాట దగ్గర ఆగిపోయాను, నాకు ఆ నిగనిగ బాగా గుర్తు.

వాడికి ఆపరేషన్ పది నెలలప్పుడు చేశారు. చర్మం గట్టిగా ఉంది, నీరు కారడం లేదు కాబట్టి బిడ్డ కాస్త బరువు పెరిగేదాకా ఆగారు. చర్మం పల్చబడిన బిడ్డకైతే అంత ఆగరట. తల మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, జుట్టు పెరిగే చోట గాటు పెట్టారు. నుదుటి చర్మాన్ని ముందుకు మడిచి, ఎముక తెరిచి, బయటికి వచ్చిన పనికిరాని కణజాలాన్ని తీసి, మెదడు పొరను నీరు చుక్క కారకుండా కుట్టారు. సందు మూయడానికి వాడి తల ఎముకలోంచే ఒక ముక్క వాడారు. న్యూరోసర్జన్, ప్లాస్టిక్ సర్జన్ ఇద్దరూ కలిసి చేశారు. ఆ గాటు ఇప్పుడు జుట్టులో కనబడదు, వాన నీళ్లకు తల తడిసినప్పుడు మాత్రం నాకు కనబడుతుంది.

మెదడు ముక్క తీసేస్తే చదువు వస్తుందా అని నేను అడిగాను. ముందువైపు వచ్చే రకంలో బయటికి దిగిన ముక్క సాధారణంగా పనిచేయనిదేనని చెప్పారు. బిడ్డ ఎదుగుదల ఆ తిత్తి సైజును బట్టి కాదు, తలలో నీరు చేరిందా, లోపల ఇంకేమైనా లోపాలు ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఉంటుందన్నారు. మా వాడికి అవేవీ లేవు. లెక్కల్లో మొండి, పాటల్లో ముందు. కళ్ల మధ్య దూరం కాస్త ఎక్కువ, అది అలాగే ఉంది. బళ్లో ఒకరిద్దరు ఏదో అన్నారు, టీచరమ్మ చూసుకున్నారు.

పలమనేరు మేనమామ
మే 11, రాత్రి 8:30

బయటికి కనబడని రకం గురించి రాయాలి. మా అక్క కొడుకు, ఆరేళ్లు. ఎప్పుడూ ఎడమ ముక్కు మూసుకుపోయి ఉండేది. ఒకచోట కండ పెరిగిందని అందులోంచి చిన్న ముక్క తీశారు. ఆ వారం నుంచి వంగితే చాలు, ఆ ఒక్క రంధ్రం నుంచే నీళ్లలాంటి తెల్లటి నీరు బొట్లు బొట్లుగా పడేది. జలుబు అనుకున్నాం. వాడు "మామా, ఉప్పగా ఉంది" అన్నాడు. పట్టించుకోలేదు. రెండుసార్లు మెదడు పొరలకు జ్వరం వచ్చి ఐసీయూలో పెట్టాక ఎమ్మారై తీస్తే, పుర్రె అడుగున చిన్న సందు, అందులోంచి ముక్కులోకి దిగిన మెదడు తిత్తి. కండ అన్నది అదే. ఎండోస్కోపుతో ముక్కు లోపలి నుంచే మూశారు, ఇప్పుడు బాగున్నాడు.

ఆ ఉప్పు మాట నన్ను వదలదు. చిన్నపిల్లలకు ముక్కులో కండలు మామూలుగా రావు. ఒక పక్కే ఉందంటే స్కాన్ తీసేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

పిల్లల వైద్యం పీజీ
మే 11, రాత్రి 9:02

అన్నా, మీ బాబు సరిగ్గానే చెప్పాడు, అది మెదడు చుట్టూ తిరిగే నీరు, ఉప్పగానే ఉంటుంది. ఇంట్లో గుర్తుపట్టడానికి ఒక సంగతి: జలుబు చీమిడి రుమాలు మీద ఎండితే గరుకుగా గట్టిపడుతుంది, ఈ నీరు ఎండినా గుడ్డ మెత్తగానే ఉంటుంది. ఖాయం చేయడానికి ఆ నీటిలో మెదడు నీటికి గుర్తుగా ఉండే ప్రొటీన్ బీటా-2 ట్రాన్స్‌ఫెర్రిన్ ఉందా అని పరీక్ష చేస్తారు. ఇలాంటి పిల్లలకు ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తే, ముందు ఈ సంగతి డాక్టరుకు చెప్పండి. చూడకుండా వేస్తే ప్రమాదం.

నగరి టీచర్
మే 12, ఉదయం 7:15

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, అంగన్‌వాడీలకు, బళ్లకు డాక్టర్ల బృందాలు వచ్చేది దాని కిందే. పుట్టినప్పటినుంచి 18 ఏళ్ల దాకా చూసే సమస్యల్లో ఈ నాడీగొట్టం లోపాలు ఉన్నాయి. మీ ఆశా కార్యకర్తతో పేరు రాయించండి. ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్ దగ్గర రేషన్ కార్డు, ఆధార్, పాప పుట్టిన సర్టిఫికెట్ చూపించి, అడ్మిషన్ కాకముందే ఈ ఆపరేషన్ వస్తుందా అని అడగండి. టీటీడీ ప్రాణదాన ట్రస్టు కూడా పేదలకు మెదడు జబ్బుల చికిత్సకు సాయం చేస్తుంది. చిత్తూరు వైపు వాళ్లు వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్తారు. 1949లో జాకబ్ చాందీ గారు దేశంలో మొదటి న్యూరో విభాగం పెట్టింది అక్కడే. కానీ అది పక్క రాష్ట్రం, మన కార్డు చెల్లుతుందో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి.

పీలేరు నాన్న
మే 19, రాత్రి 10:30

స్కాన్లు అయ్యాయి. ఎమ్మారైకి పాప కదలకూడదని మత్తు ఇస్తామన్నారు, నాలుగు గంటలు పాలు ఆపమన్నారు. ఆ నాలుగు గంటలు ఎలా గడిచాయో చెప్పలేను. నా భార్య చొక్కా వాసనకే పాప వెతుక్కుంటుందని ఆమెను దూరంగా కూర్చోబెట్టి, మా అమ్మ వరండా ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతూనే ఉంది. ఏడిస్తే ఉబ్బుతుందని ఆమెకు ఒకటే భయం.

రిపోర్టు: ఎన్‌సెఫలోసీల్, ముక్కు-నుదురు రకం. సందు 9 మిల్లీమీటర్లు. తిత్తిలో ఎక్కువ భాగం నీరు, మెదడు కొంచెం. తలలో నీరు చేరలేదు. మిగతా మెదడు బాగుంది. చర్మం గట్టిగానే ఉంది కాబట్టి రెండు మూడు నెలలు ఆగుదామన్నారు. వారానికోసారి తల చుట్టుకొలత రాసుకోమన్నారు, ఒక్కసారిగా పెరిగినా, మాడు ఉబ్బినా, వాంతులైనా వెంటనే రమ్మన్నారు. టైలర్ దగ్గర టేపు తెచ్చుకున్నాను.

పుత్తూరు కోడలు
మే 20, మధ్యాహ్నం 2:40

మా అక్కకు మొదటి బిడ్డ వెన్నులో ఇలాంటి లోపంతోనే పుట్టి దక్కలేదు. ఇప్పుడు మళ్లీ అనుకుంటోంది. తనకు మూర్ఛ, వాల్‌ప్రోయేట్ మాత్రలు వాడుతోంది. నెల తప్పాక డాక్టర్ దగ్గరికి వెళ్తే సరిపోతుందా?

పిల్లల వైద్యం పీజీ
మే 20, సాయంత్రం 5:15

సరిపోదు. నెల తప్పిందని తెలిసి, పరీక్ష చేయించుకుని, డాక్టరు దగ్గరికి వెళ్లేలోపే ఆ 28 రోజులు గడిచిపోతాయి. అనుకున్నప్పుడే వెళ్లాలి. మామూలు ఆడవాళ్లకు గర్భం రాకముందు కనీసం ఒక నెల నుంచి మూడో నెల నిండేదాకా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ చాలు. ముందు ఇలాంటి బిడ్డ పుట్టినవాళ్లకు దానికి పది రెట్లు ఇస్తారు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నడిపిన అధ్యయనంలో అలాంటి తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే ఈ లోపాలు మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మన దగ్గర 5 మిల్లీగ్రాముల మాత్ర దొరుకుతుంది, డాక్టరు అదే రాస్తారు. వెన్ను లోపాల విషయంలో ఇది గట్టిగా తేలిన మాట. ముక్కు దగ్గర వచ్చే రకానికి అంత గట్టి రుజువు లేదు, అయినా వాడమనే చెబుతాం.

వాల్‌ప్రోయేట్ ఈ లోపాల ముప్పు పెంచుతుంది. అలాగని మాత్ర తనంతట తాను ఆపితే ఫిట్స్ వచ్చి తల్లికే ప్రాణం మీదికి వస్తుంది. న్యూరాలజిస్టును కలిసి, మందు మార్చుకుని, ఆ తర్వాతే గర్భం. అప్పుడు కడుపులో బిడ్డకు లోపాలున్నాయా అని చూసే టిఫా స్కాన్ తప్పకుండా 18 నుంచి 20 వారాల మధ్య చేయించండి. అందులోనూ ముఖం మీది చిన్న తిత్తులు తప్పిపోతుంటాయి.

పీలేరు నాన్న
జులై 26, రాత్రి 9:45

వచ్చే నెలలో ఆపరేషన్. ఒక చిక్కు వచ్చింది. పాప పుట్టువెంట్రుకలు కొండకు మొక్కుకున్నాం. ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రిలో జుట్టు తీస్తారు. మొక్కు చెల్లకుండా అక్కడ తీయించడానికి మా అమ్మకు మనసొప్పడం లేదు. కల్యాణకట్టలో గుండు చేయించొచ్చా?

చంద్రగిరి అమ్మ
జులై 26, రాత్రి 10:10

మాకూ ఇదే వచ్చింది. బ్లేడు జారితే ప్రమాదం, ఆపరేషన్‌కు ముందు తల మీద చిన్న గాటు పడినా వాయిదా వేస్తారు. మేం మూడు కత్తెరలు ఇచ్చి వచ్చాం. క్షురకుడికి వాపు చూపించి చెబితే ఆయనే తల వెనక నుంచి మూడుచోట్ల కత్తిరించి, బిడ్డ తల మీద చేయి పెట్టి పంపించాడు. గుండు మొక్కు మరుసటి ఏడు తీర్చుకున్నాం.

పీలేరు నాన్న
ఆగస్టు 30, రాత్రి 8:20

ఆపరేషన్ అయి పదకొండు రోజులు. ఐదున్నర గంటలు పట్టింది. రెండో రోజు పాప ముఖమంతా ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి, అది ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాం. నాలుగో రోజు ఎడమ కన్ను సన్నగా తెరిచి, గొంతు వినబడగానే మా అమ్మ వైపు తల తిప్పింది. ముక్కులోంచి గానీ, కుట్ల దగ్గర గానీ నీరు రాలేదు. జ్వరం లేదు. నిన్న సగం కుట్లు తీశారు. ముక్కు మొదట్లో ఇంకా వాపు ఉంది, కానీ ఏడిస్తే అది కదలడం లేదు. ఆ సంగతి మొదట గమనించింది నా భార్య. పాప ఏడుస్తుంటే ఊరుకోబెట్టకుండా అలా చూస్తూ నిలబడిపోయింది.

దిష్టిచుక్క ఇప్పుడు అరికాలికి పెడుతోంది మా అమ్మ.

తల కొలత ఆపరేషన్ ముందు 42.8, ఈరోజు 43. వారం వారం నోట్‌బుక్‌లో రాస్తున్నాను.

తిరుపతి నర్సక్క
ఆగస్టు 30, రాత్రి 11:50

సంతోషం తమ్ముడూ. ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని నెలల దాకా తలలో నీరు చేరే అవకాశం ఉంటుంది, కొలవడం ఆపొద్దు. ఎప్పుడూ అదే టేపు, కనుబొమల పైనుంచి వెనక ఎత్తు మీదుగా. చూపించడానికి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్, రెండు స్కాన్ల సీడీలు ఒకే సంచిలో పెట్టుకో.